డిజిటల్ కెమేరా: దాని పుట్టుక, ఎన్నిక, వాడుక



నేడు మన పల్లెలలో కెమేరా లేని యిల్లు అరుదు. కొందఱి బీరువాలలో ప్రత్యేకముగ కొన్న చిన్న డిజిటల్ కెమేరా కలదు. తక్కినవారికి చేతిలోని ఫోనుననే అది యొదిగి యున్నది. పెండ్లికి, గృహప్రవేశమునకు, పింఛను కాగితమునకు, పొలము హద్దునకు, అన్నిటికిని ఫోటో కావలసివచ్చుచున్నది. అయినను, ఇంటి పెద్ద గతించిన పిమ్మట గోడకు తగిలించుటకు ఒక్క మంచి పటము కావలెనని వెదకినచో, వేలకొలది చిత్రములు తీసిన యింటిలోనే అట్టిది దొరకకపోవుచున్నది. కొన్నిటిలో ముఖము నల్లబడి యుండును. కొన్నిటిలో చేయి కదలి రూపము అలుకుకొనిపోయి యుండును. బాగుగ వచ్చిన నాలుగును పాత ఫోనుతోపాటు పోయి యుండును.

యంత్రములు ఇంత తెలివి మీరిన కాలమున ఇట్లేల జరుగుచున్నది? దీనికి సమాధానము కెమేరా చరిత్రలోనే యున్నది. ఆ చరిత్రను కొంత చెప్పి, డిజిటల్ కెమేరాను ఎన్నుకొనుటకును, చక్కగ వాడుకొనుటకును దానినుండి మనకు దొరకు పాఠములను మనవి చేయుదును.

కెమేరా యను మాటకు లాటిను భాషలో గది యని యర్థము. తలుపులన్నియు మూసిన చీకటి గదిలోనికి కిటికీ చిల్లిగుండ వెలుతురు చొచ్చినప్పుడు, వీధిలో పోవు బండి బొమ్మ గోడమీద తలక్రిందులుగ కదలుట మనలో ననేకులు చూచినదే. పదునొకండవ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ అను అరబ్బు పండితుడు ఈ వింతను శాస్త్రరీతిని పరిశీలించెను. కాని గోడపై పడిన బొమ్మను పట్టి నిలుపు నుపాయము మాత్రము చాలకాలము దొరకలేదు.

ఫ్రాన్సు దేశస్థుడగు నియెప్సు అను నతడు 1826-27 ప్రాంతమున ఒక లోహపు రేకుపై తారువంటి పదార్థమును పూసి, తన మేడ కిటికీనుండి కనబడు ఇండ్ల కప్పులను దానిపై నిలిపెను. నేటికిని నిలిచియున్న కెమేరా చిత్రములలో అదియే మొదటిది. ఆ రేకును కనీసము ఎనిమిది గంటలసేపు వెలుతురున కెదురుగ నుంచవలసి వచ్చెనని అంచనా. అంతలో సూర్యుడు తూర్పునుండి పడమటికి పోయినందున, ఆ చిత్రమున ఇండ్లకు రెండువైపులను ఎండ తగిలినట్లు కనబడును. 1839లో డాగేరు అను మఱియొక ఫ్రెంచివాడు వెండిపూత గల రాగిరేకుపై కొన్ని నిమిషములలోనే చిత్రము వచ్చు పద్ధతిని లోకమునకు వెల్లడించెను. ఆనాడు ఫోటోకు కూర్చున్నవారి తల కదలకుండుటకై వెనుకనుండి ఇనుప ఆధారము నొకదానిని మెడకు ఆనించువారు. చాలినంత వెలుతురు, కదలని నిలకడ, ఈ రెండును కెమేరా పుట్టిననాడే దానికి ప్రాణములై యుండెనని దీనివలన గ్రహింపవచ్చును.

మన హైదరాబాదునకును ఈ చరిత్రలో గౌరవస్థానమున్నది. 1844లో మీరటు సమీపమున సర్ధనాలో జన్మించిన లాలా దీనదయాళు, ఇందూరులో ప్రభుత్వ మరామతు శాఖలో నక్షాలు గీయు నుద్యోగము చేయుచు ఫోటోవిద్యను నేర్చి, తరువాత ఆఱవ నిజాము మహబూబలీఖాను ఆస్థాన ఛాయాచిత్రకారుడయ్యెను. సికింద్రాబాదులో అతని స్టూడియో వెలసెను. నిజాము అతనికి రాజా బిరుదమిచ్చెను. అతడు గాజుపలకలపై మందు పూసిన బరువైన కెమేరాలను బండ్లపై మోయించుకొని కోటలను, కొలువులను, కరవు పనులను చిత్రించెను. 1905లో అతడు మరణించెను. ఆ పలకలు మరణింపలేదు. 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమువారు అతని గాజుపలకలను 2,857 సంపాదించి భద్రపఱచిరి. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. చివర దీనితో మనకు పని యున్నది.

గాజుపలకల బరువును సామాన్యుని తలమీదినుండి దించినవాడు అమెరికా దేశస్థుడగు జార్జి ఈస్టుమను. అతడు 1888లో కొడాక్ అను చిన్న పెట్టె కెమేరాను 25 డాలర్లకు అమ్మెను. అందు 100 చిత్రములకు సరిపడు ఫిలిము ముందే చుట్టియుండెను. అన్నియు తీసిన పిమ్మట కెమేరాను కర్మాగారమునకు పంపినచో, వారు చిత్రములు కడిగి, కొత్త ఫిలిము చుట్టి తిరిగి పంపువారు. 1900లో వచ్చిన బ్రౌనీ కెమేరా వెల ఒక్క డాలరే. ఆనాటినుండి మీట నొక్కగల వారెల్లరును ఫోటోగ్రాఫర్లే యైరి. అయినను ఆ పెట్టెకు మంచి యెండ యుండి తీరవలెను. పట్టిన చేయి కదలకుండవలెను. పని సులభమైనది గాని ఆ రెండు నియమములును మారలేదు.

ఇక డిజిటల్ కెమేరా సంగతి. ఫిలిములో వెలుతురు తగిలి మందు మాఱును. డిజిటల్ కెమేరాలో ఫిలిమునకు బదులు సెన్సరు అను వెలుతురు పలక యుండును. సిలికానుతో చేసిన ఆ పలకపై లక్షలకొలది గళ్లు కలవు. వెలుతురు తగిలిన గడిలో విద్యుత్కణములు చేరును. ఎంత వెలుతురో అన్ని కణములు. కెమేరా ప్రతి గడిని లెక్కపెట్టి ఆ లెక్కను అంకెలుగ వ్రాసికొనును. ఆ అంకెల పట్టికయే చిత్రము. అమెరికాలో బెల్ ప్రయోగశాలలో విల్లర్డ్ బాయిలు, జార్జి స్మిత్తు అను నిద్దఱు 1969లో ఇట్టి పలకకు మూలమైన యుపాయమును కనిపెట్టిరి. అందులకు 2009లో వారికి నోబెలు బహుమానము లభించెను. గడికి రంగు తెలియదు, వెలుతురు పరిమాణమే తెలియును. అందుచేత ప్రతి గడిపై ఎఱుపు, ఆకుపచ్చ, నీలము రంగుల చిన్న చిన్న అద్దములు పొదుగు పద్ధతిని కొడాక్ ఉద్యోగి బ్రైసు బేయరు ఏర్పఱచెను. దానికి 1976లో పేటెంటు లభించెను. నేటి కెమేరాలలోను ఫోనులలోను చాలవాటికి అదియే యాధారము.

ఆ కొడాక్ సంస్థలోనే స్టీవెన్ సాసన్ అను ఇంజనీరు 1975లో మొట్టమొదటి డిజిటల్ కెమేరాను అమర్చెను. అది ఇంచుమించు 3.6 కిలోగ్రాముల బరువుండెను. దాని పలకపై గళ్లు అడ్డముగ 100, నిలువుగ 100, వెరసి పదివేలు మాత్రమే. ఒక్క నలుపు తెలుపు చిత్రమును క్యాసెట్టు టేపుపై వ్రాయుటకు 23 సెకనులు పట్టెను. ఫిలిము వ్యాపారముతో లాభములు గడించుచున్న ఆ సంస్థ తన యింటనే పుట్టిన యీ బిడ్డను త్వరగ పెంచుకొనలేకపోయెను. తుదకు 2012 జనవరిలో దివాలా రక్షణకై న్యాయస్థానము నాశ్రయించెను. పాత విద్యలో ఎంత ఘనత యున్నను, కొత్త విద్యను ద్వారముకడనే నిలిపినవాని గతి యిట్టిది.

సామాన్యులు కొనదగిన డిజిటల్ కెమేరాలు 1990 తరువాత వచ్చినవి. 1994లో ఆపిల్ సంస్థ అమ్మిన క్విక్‌టేక్ 100 అను కెమేరాలో మేలైన చిత్రములు ఎనిమిది మాత్రమే పట్టెను. వెల 749 డాలర్లు. 1995లో క్యాసియో సంస్థ, తీసిన చిత్రమును వెంటనే చూచుకొనుటకు వెనుకవైపున చిన్న తెఱ గల కెమేరాను తెచ్చెను. ఇది సామాన్యమైన మార్పు కాదు. ఫిలిము కడిగి వచ్చువఱకును తప్పు తెలియని కాలము పోయి, తప్పును అచ్చటనే చూచి మరల తీసికొను కాలము వచ్చెను. తరువాత పదునైదేండ్లు వెలలు తగ్గుచు, గళ్ల సంఖ్య పెరుగుచు పోయెను. 2010లో ప్రపంచమునందు 12 కోట్లకు పైగా డిజిటల్ కెమేరాలు విపణికి వెళ్లెను. ఫోనులలోని కెమేరాలు బాగుపడిన కొలదిని ఆ సంఖ్య తగ్గి, 2020 నాటికి కోటికి లోపలనే నిలిచెను.

ఆ పదునైదేండ్లలో దుకాణములవారు జనులకొక మాటను బాగుగ నేర్పిరి: అదియే మెగాపిక్సెలు. పదిలక్షల గళ్లు ఒక మెగాపిక్సెలు. ఎక్కువ మెగాపిక్సెలులున్న కెమేరా మేలైనదను నమ్మకము నాటుకొనెను. ఇది సగము నిజము మాత్రమే.

లెక్క చూడుడు. అచ్చువేయునప్పుడు అంగుళమునకు 300 చుక్కలుండిన కంటికి మిక్కిలి నున్నగ కనబడును. ఆఱంగుళములు నాలుగంగుళములు గల మామూలు ఫోటోకు 1,800 చుక్కలు అడ్డముగను 1,200 నిలువుగను కావలెను. అనగా రెండు మెగాపిక్సెలులకు కొంచెము పైన. గోడకు తగిలించు పదంగుళముల యెనిమిదంగుళముల పటమునకు ఏడు చాలును. ఇంతకు మించిన సంఖ్యకై మనము పెట్టు రొక్కము చాలవఱకు వృథా.

ఏలయన, గళ్ల సంఖ్యకన్న గడి వైశాల్యము ముఖ్యము. వాన కురియునప్పుడు ఒకే వాకిటిలో కుంచములు పఱచితిమనుకొనుడు. ఒక్కొక్క దానిలో మంచి నీరే చేరును. అదే వాకిటిలో గిద్దెలు పఱచినచో పాత్రల సంఖ్య పెరుగును గాని, ఒక్కొక్క దానిలో పడునవి నాలుగు చినుకులే. జడివానలో రెండును నిండును. తుంపరలో గిద్దెలోని నీటిని సరిగ కొలువజాలము. కెమేరాకు ఎండ జడివానవంటిది. ఇంటిలోని దీపపు వెలుతురు తుంపరవంటిది. అందుచేతనే గళ్లు క్రిక్కిఱిసిన చిన్న పలకగల కెమేరాలు ఎండలో బాగుగ పనిచేసి, రాత్రి పెండ్లిపందిటిలో చిత్రముపై ఇసుక చల్లినట్లు మచ్చలు చూపును. చిన్న కెమేరాలలో చాలవాటి పలక వెడల్పు 6.2 మిల్లీమీటర్లు, ఎత్తు 4.6 మిల్లీమీటర్లు; అనగా చిటికెనవ్రేలి గోరంత. కటకము మార్చుకొను కెమేరాలలో ఎక్కువగ వాడు పలక వెడల్పు 23.5, ఎత్తు 15.6, విస్తీర్ణమున దానికి ఇంచుమించు 13 రెట్లు. కావున దుకాణములో మెగాపిక్సెలులెన్ని యని యడుగుటకు ముందు, సెన్సరు ఎంత పెద్దదని యడుగవలెను.

రెండవది కటకము, అనగా లెన్సు. దాని చుట్టును 1:2.0 అనియో 1:4.0 అనియో వ్రాసియుండును. రెండవ అంకె యెంత చిన్నదైన ద్వారమంత పెద్దది. 2.0 గల కటకము 4.0 గల దానికన్న నాలుగు రెట్లు వెలుతురును లోనికి రానిచ్చును. మూడవది దూరపు వస్తువును దగ్గఱగ చూపు జూము. కటకము కదలి చేయు జూము నిజమైనది. డిజిటల్ జూమనునది చిత్రపు నడిమి ముక్కను కత్తిరించి సాగదీయుట మాత్రమే. 12 మెగాపిక్సెలుల కెమేరాలో నాలుగు రెట్లు డిజిటల్ జూము చేసినచో, మిగులునది ముప్పాతిక మెగాపిక్సెలే. అంతకన్న నాలుగడుగులు ముందుకు నడచుట మేలు. పాత కెమేరాను చౌకగ కొనువారు దాని బ్యాటరీయు, మెమరీ కార్డును ఇంకను దొరకుచున్నవో లేవో ముందుగ విచారింపవలెను. అవి లేని కెమేరా చమురు దొరకని దీపమే.

ఎంత వెలపెట్టి కొన్నను, నియెప్సునాటి రెండు నియమములను కెమేరాకు బదులుగ మనమే పాటింపవలెను. మొదటిది వెలుతురు. నడిమింటి యెండలో కండ్ల క్రింద నల్లని నీడలు పడును. గుమ్మములో నిలువబెట్టి లోపలినుండి తీసినచో, వెనుక వెలుతురు మిక్కుటమై ముఖము నల్లబడును. మన పాత యిండ్ల అరుగులు ఫోటోకు మేలైన చోటులు. పెద్దలను అరుగుపై చూరు నీడన, వీధివైపు ముఖము పెట్టి కూర్చుండబెట్టుడు. ఎండ నేరుగ తగులదు. ఆకాశపు వెలుతురు మెత్తగ ముఖమంతట పరచుకొనును.

ఇందులో మన దేశమువారికి ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. కెమేరా తన యెదుటనున్న దంతయు నడిమిరకపు బూడిదరంగని యెంచి వెలుతురును కొలుచును. మన పెద్దలు తెల్లని పంచె, తెల్లని యుత్తరీయము, తెల్లని తలపాగా ధరింతురు. తెలుపు మిక్కుటముగ కనబడగనే కెమేరా వెలుతురు హెచ్చెనని భ్రమించి తగ్గించును; చామనచాయ ముఖము మఱింత నల్లబడును. పెక్కు కెమేరాలలో కూడిక, తీసివేత గుర్తులు గల మీట యొకటి యుండును. దానిని కూడికవైపు కొంచెము జరిపినచో ముఖము తేటపడును. మిక్కిలి జరుపరాదు. పాత్ర నిండి పొర్లిన నీటివలె, పొంగిన తెలుపులో పంచె అంచును మడతయు మరల దొరకవు. తీసిన వెంటనే తెఱపై చూచి సరిదిద్దుకొనవచ్చును.

చిన్న కెమేరా ఫ్లాష్ సాధారణముగ పది పదునైదడుగులకు మించి పనిచేయదు. దూరము రెట్టింపైన వెలుతురు నాలుగవ వంతగును. కావున తిరుణాలలో దూరపు రథముపై ఫ్లాష్ కొట్టుట వ్యర్థము. చెట్టునీడలో పగటివేళ ముఖముపై నీడ పడినప్పుడు మాత్రము అది మిక్కిలి యుపయోగించును. రాత్రి దీపముల క్రింద చిత్రము పసుపు పూసినట్లు వచ్చినచో, తెలుపును సరిచూచుకొను వైట్ బ్యాలెన్సు అను నేర్పాటును దీపపు గుర్తుకు మార్చవలెను.

రెండవది నిలకడ. మీటను ఒక్కసారిగ నొక్కరాదు. సగము నొక్కి పట్టినచో కెమేరా దూరమును, వెలుతురును సరిచూచుకొనును. తరువాత తక్కిన సగము మెల్లగ నొక్కవలెను. మోచేతులు ప్రక్కలకు ఆనించి, స్తంభమునకో గోడకో చేరగిలబడవలెను. వెలుతురు తగ్గినకొలది కెమేరా కన్ను ఎక్కువసేపు తెఱచియుండును గనుక, సాయంకాలమున చేయి వణకు ఎక్కువగ కనబడును. అట్టి వేళ కెమేరాను బల్లపై నుంచి, కొన్ని సెకనుల తరువాత తనంతట తాను తీయు నేర్పాటును వాడుడు. నేటి ఫోనులు ఒక్క క్షణములో కొన్ని చిత్రములు తీసి వాటిని కలిపి చీకటి లోపమును చాలవఱకు కప్పిపుచ్చును. అయినను పట్టినవాడు గట్టిగ కదలినను, కూర్చున్నవారు కదలినను అవియు సాయపడలేవు.

ఇక దీనదయాళు గాజుపలకల సంగతి. నూఱేండ్లు దాటినను అవి నిలిచియున్నవి. వెలుతురున కెదురుగ పట్టిన చాలు, కంటికి బొమ్మ కనబడును. డిజిటల్ చిత్రము అట్లు కాదు. 1997లో సోనీ సంస్థ చిత్రములను ఫ్లాపీ డిస్కులపై నిలుపు కెమేరాలను తెచ్చెను. ఆ కాలమున అది గొప్ప సౌకర్యము. నేడు ఆ డిస్కును చదువు యంత్రము సామాన్యముగ ఏ యింటను లేదు. తాళపత్రము చెదపట్టినను చెదపట్టని భాగమును చదువవచ్చును. అంకెల చిత్రమునకు చదువు యంత్రము పోయిన, బొమ్మ యంతయు పోయినట్లే. నిలుపుట తేలికైనకొలది పోగొట్టుకొనుటయు తేలికయైనది.

కావున మూడవ నియమము భద్రము. ముఖ్యమైన చిత్రములకు రెండు ప్రతులుండవలెను. రెండును వేర్వేఱు వస్తువులపై, వీలైనచో వేర్వేఱు ఇండ్లలో నుండవలెను. కొన్నేండ్ల కొకసారి కొత్త సాధనముపైకి మార్చుచుండవలెను. కెమేరాలోని తేదీని ముందుగనే సరిచేసియుంచినచో, ప్రతి చిత్రముతోను ఆ దినము నమోదగును; పొలము హద్దులు, పంట నష్టము వంటివి తీయువారికి ఇది మిక్కిలి యవసరము. పొరపాటున చిత్రములు చెరిగినచో, ఆ కార్డుపై మరల నేమియు తీయక నేర్పరులకు చూపుడు. చెరిపినప్పుడు తఱచుగ పేర్ల పట్టికయే పోవును. చిత్రము కొంతకాలము లోపలనే యుండును.

అన్నిటికన్న ముఖ్యమైనది, ఏటేట పది చిత్రములనైన ఏఱి కాగితముపై అచ్చువేయించి, వెనుక మెత్తని పెన్సిలుతో పేరు, ఊరు, సంవత్సరము వ్రాసి, నేరుగ ఎండ తగులనిచోట దాచుట. పేరు లేని పటములోనివారిని మనుమలెవ్వరును గుర్తింపలేరు. ఆ పేర్లు నేడు తెలిసినవారు మీరే. కెమేరా పట్టుట పిల్లల వంతు కావచ్చును. ఇతడెవరు, ఈమె యెవరి కోడలు, ఇది యే చెఱువుగట్టు అని చెప్పి వ్రాయించుట మాత్రము మీ వంతు. ఆ పని యే యంత్రమును చేయజాలదు.

ఈ వారములోనే ఒకనాటి సాయంకాలము, ఎండ దిగుచున్న వేళ, ఇంటిలో అందఱికన్న పెద్దవారిని అరుగుపై కూర్చుండబెట్టి ఒక్క చిత్రము తీయింపుడు. వెల యెక్కువైన కెమేరా అక్కఱలేదు. సెలవు.